ప్రయోగశాల జంతువుల్లో పరాన్నజీవి సంక్రమణ: పరిసర స్థితుల ప్రభావం

ప్రయోగశాలల్లో పెంచే చిట్టెలుక, ఎలుక, కుందేలు, గినీ పంది, కోడి, చేప వంటి జంతువులకు పరాన్నజీవులు సోకడం, సోకినవి లోపల నిలదొక్కుకోవడం, వాటి సంతతి బయటికి వచ్చి మరో జంతువును చేరడం అనే మూడు ఘట్టాలూ ఉష్ణోగ్రత, తేమ, వెలుతురు, ఆహారం, నీటి గుణం, పంజరంలోని రద్దీ వంటి పరిసర స్థితులను బట్టి మారుతుంటాయి. మరొక జీవి శరీరంలోనో, శరీరం మీదనో ఉంటూ దాని పోషకాలతో బతికేదాన్ని పరాన్నజీవి అనీ, దానికి ఆశ్రయమిచ్చే జీవిని ఆతిథేయి అనీ, ఒక ఆతిథేయి నుంచి మరొకదానికి పరాన్నజీవిని మోసుకుపోయే దోమ, పిడుదు, నల్లి వంటి వాటిని వాహకాలనీ అంటారు. ఏకకణ జీవులైన మలేరియా, కాక్సిడియా క్రిములు మొదలు నులిపురుగులు, బద్దెపురుగులు, ట్రెమటోడులనే చదును పురుగుల వరకూ పరాన్నజీవుల్లో ఎన్నో తెగలున్నాయి.

పరిసరం పనిచేసే చోట్లు మూడు. గుడ్డుగానో, డింభకంగానో, గట్టి పెంకు కట్టిన ఊసిస్టుగానో ఆతిథేయి బయట పడి ఉన్న పరాన్నజీవి మీద చుట్టూ ఉన్న వేడి, తేమ నేరుగా పనిచేస్తాయి. దోమ, నత్త, పెంకుపురుగు వంటి శీతల రక్త జీవుల్లో పెరుగుతున్న పరాన్నజీవికి ఆ జీవి ఒంటి వేడే పరిసరం కాబట్టి అక్కడా గది ఉష్ణోగ్రతే శాసిస్తుంది. ఎలుక వంటి ఉష్ణ రక్త జంతువు లోపల మాత్రం ఒంటి వేడి దాదాపు స్థిరంగా ఉంటుంది గనుక పరిసరం ఆ జంతువు రోగనిరోధక శక్తినీ, శక్తి ఖర్చునూ, ప్రవర్తననూ మార్చి, వాటి ద్వారా చాటుగా పనిచేస్తుంది. మొదటి రెండు చోట్ల జరిగేదాన్ని చాలావరకు లెక్కగట్టవచ్చు. మూడోదాన్ని పరిశోధకులు చాలాకాలం స్థిరంగా ఉండే నేపథ్యంగా భావించి వదిలేశారు. గత కొన్ని దశాబ్దాల్లో ఈ రంగంలో అసలు ఆసక్తి కలిగించిన ఫలితాల్లో చాలా అక్కడి నుంచే వచ్చాయి.

విశాఖపట్నంలో పరాన్నజీవుల అధ్యయనం

ఓడరేవు, ఉక్కు కర్మాగారం ఉన్న విశాఖపట్నం నగరం ఈ విషయానికి రెండు విధాల తగిన చోటు. సముద్రపు గాలి వల్ల ఇక్కడ ఏడాది పొడవునా తేమ ఎక్కువ, పగటికీ రాత్రికీ ఉష్ణోగ్రతలో తేడా తక్కువ. అదే నగరం నుంచి కొండలెక్కితే సుమారు 900 మీటర్ల ఎత్తున అరకు లోయ, చలికాలంలో ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకు దిగే లంబసింగి వస్తాయి. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాగా విడిపోయే వరకూ ఆ మన్యమంతా విశాఖ జిల్లాలోనిదే కాబట్టి, ఒకే జిల్లాలో పరాన్నజీవులు పలు వాతావరణాల్లో బతికే తీరు కళ్ళెదుట ఉండేది. 1955లో దేశంలో మొదలైన ఫైలేరియా నియంత్రణ కార్యక్రమానికి కోస్తా ఆంధ్ర ముఖ్య క్షేత్రాల్లో ఒకటి కావడం, మన్యంలో మలేరియా తరతరాలుగా పాతుకుపోవడం వల్ల ఇక్కడ ఈ శాస్త్రం పుస్తకాల్లోని విద్యగా మిగిలిపోలేదు.

1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర విభాగానికి సారథ్యం వహించిన పి.ఎన్. గణపతి స్వయంగా ఏకకణ పరాన్నజీవుల పరిశోధకుడు. ఆయన తరువాత కె. హనుమంతరావు, ఆర్. మాధవి విశాఖలోని వాల్తేరు తీరపు చేపల్లోనూ, చుట్టుపక్కల గెడ్డలనే వాగుల్లోనూ ఉండే పురుగుల అధ్యయనాన్ని పెంచి ఒక సంప్రదాయంగా నిలబెట్టారు. మాధవి 1978లో అప్లోకైలస్ మెలాస్టిగ్మా అనే మంచినీటి చిరుచేప పేగులో ఉండే అల్లోక్రీడియం ఫాసియాటుసై అనే ట్రెమటోడు జీవిత చక్రాన్ని వెల్లడించి, మరుసటి ఏడు అదే పురుగు చేపల్లో కనిపించే తీరును వివరించారు. ఇలాంటి పురుగు ఒక్క జంతువుతో తన జీవితాన్ని ముగించదు: గుడ్డు నుంచి వెలువడిన డింభకం నత్తలో చేరి సంఖ్యలో పెరుగుతుంది, నత్త నుంచి సెర్కేరియా అనే తోక గల ఈదే డింభకాలు బయటికి వస్తాయి, అవి మరో చిన్న జీవిలో చేరి కదలిక లేని మెటాసెర్కేరియాగా మారి, చివరికి చేపనో పక్షినో చేరుకుంటాయి. ప్రతి మెట్టులోనూ నీటి వేడి, ప్రవాహం, వెలుతురు అడ్డుపడతాయి, లేదా దారిస్తాయి. 1991లో మాధవి, రుక్మిణి కలిసి అప్లోకైలస్ పాంకాక్స్ చేప మొప్పల మీద సెంట్రోసెస్టస్ ఫార్మోసానస్ మెటాసెర్కేరియాల జనాభా గతిని విశ్లేషించారు. ఏ చేపలో ఎన్ని పురుగులున్నాయో లెక్కించి, ఆ సంఖ్యలు జనాభా అంతటా ఎలా పంచుకుని ఉన్నాయో చూడటం ఈ పద్ధతిలోని కీలకం.

మాధవి లండన్‌లో రాయ్ ఆండర్సన్‌తో కలిసి 1985లో ప్రచురించిన పరిశోధన ఈ వ్యాస విషయానికి ఇంకా దగ్గరిది. దోమ పిల్లలను తినే చేపగా మన ఊళ్ళలో తొట్లలోనూ, బావుల్లోనూ వదిలే గప్పీ చేప చర్మం మీద గైరోడాక్టిలస్ బుల్లాటారుడిస్ అనే అతి చిన్న పురుగు బతుకుతుంది. ఇది గుడ్లు పెట్టదు. తల్లి గర్భంలోని పిల్ల లోపల అప్పటికే మరో పిల్ల రూపుదిద్దుకుంటూ ఉంటుంది కాబట్టి కొద్ది రోజుల్లోనే దీని సంఖ్య పెచ్చు పెరుగుతుంది. ఒకే రకం పరిస్థితుల్లో ఉంచినా కొన్ని చేపలు పురుగును త్వరగా వదిలించుకున్నాయి, కొన్ని దానికి లొంగిపోయాయి. ఈ తేడాకు వంశపారంపర్య లక్షణం మూలమని ఆ పరిశోధన చూపింది. ఉష్ణోగ్రత మీద చేసిన ప్రయోగాలు దీనికి జోడు: 1984లో స్కాట్, నోక్స్ అదే పురుగును వేర్వేరు ఉష్ణోగ్రతల్లో ఉంచి చూసినప్పుడు చల్లని నీటిలో అది ఎక్కువ రోజులు బతికి నెమ్మదిగా కన్నదనీ, వెచ్చని నీటిలో ఆయువు తగ్గినా కాన్పుల మధ్య వ్యవధి కుదించుకుపోయిందనీ తేలింది. పరిసరం ప్రభావాన్ని కొలవాలంటే ఆతిథేయి వంశాన్ని స్థిరంగా ఉంచాలి, వంశ ప్రభావాన్ని కొలవాలంటే పరిసరాన్ని స్థిరంగా ఉంచాలి. రెంటినీ కలగాపులగం చేసిన పాత ఫలితాలను ఇప్పుడు విడదీయడం చాలాచోట్ల సాధ్యం కాదు.

వాహకంలో ఉష్ణోగ్రత

దోమ రక్తం తాగినప్పుడు దాని కడుపులోకి వెళ్ళిన మలేరియా క్రిమి అక్కడ సంయోగం చెంది, కడుపు గోడ మీద ఊసిస్టుగా ఎదిగి, చివరికి సన్నటి స్పోరోజోయిట్లుగా విడిపోయి లాలాజల గ్రంథులకు చేరుతుంది. దీనికి పట్టే కాలాన్ని బాహ్య పొదుగు కాలం అంటారు. ఈ కాలాన్ని లెక్కగట్టడానికి ఉష్ణ దినాల పద్ధతి వాడుకలో ఉంది. ఒక కనీస ఉష్ణోగ్రతకు పైన ప్రతి రోజూ ఎన్ని డిగ్రీలు అందాయో కూడుతూ పోతే, ఆ మొత్తం ఒక నిర్ణీత సంఖ్యను చేరినప్పుడు ఎదుగుదల పూర్తవుతుంది. ప్లాస్మోడియం ఫాల్సిపారమ్‌కు ఆ కనీసం 16 డిగ్రీల సెల్సియస్, మొత్తం 111 ఉష్ణ దినాలు. ప్లాస్మోడియం వైవాక్స్‌కు 14.5 డిగ్రీలు, 105 ఉష్ణ దినాలు. ఈ లెక్కన 26 డిగ్రీల దగ్గర ఫాల్సిపారమ్‌కు సుమారు 11 రోజులు సరిపోగా, 20 డిగ్రీల దగ్గర దాదాపు 28 రోజులు కావాలి. అన్ని రోజులు బతికే దోమలు బహుకొద్ది గనుక చల్లని ఋతువులో కొండ మీద దోమలు ఉన్నా మలేరియా వ్యాప్తి కుంటుపడుతుంది.

ఈ వాహక సంబంధాన్ని రోనాల్డ్ రాస్ కనుగొన్నది సికింద్రాబాద్‌లోనే. 1897 ఆగస్టు 20న దోమ కడుపు గోడ మీద మలేరియా క్రిమిని చూసిన ఆయన, కోసిన దోమలు గాలికి ఎగిరిపోతాయన్న భయంతో పంకా కూడా ఊపించకుండా ఆ ఉక్కలో సూక్ష్మదర్శినిని పట్టుకుని కూర్చున్నారు. మరుసటి ఏడు కలకత్తాలో పిట్టలకు సోకే మలేరియా క్రిమితో ప్రయోగాలు చేసి, దోమ కాటు ద్వారా జబ్బు ఆరోగ్యంగా ఉన్న పిట్టలకు చేరుతుందని రుజువు చేశారు. మనుషుల మీద చేయలేని పనిని ప్రయోగ జంతువుల మీద ముగించిన తొలి ఉదాహరణల్లో ఇదొకటి. ఆయన పనిచేసిన బేగంపేట భవనం ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలో పరాన్నజీవి శాస్త్ర సంస్థగా ఆయన పేరుతోనే ఉంది.

ఉష్ణోగ్రతను పట్టించుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి ప్లాస్మోడియం బెర్గై చరిత్రను మించినది లేదు. 1948లో కాంగోలోని కటంగా ప్రాంతపు పొద ఎలుకల్లో విన్కే, లిప్స్ కనుగొన్న ఈ క్రిమి, చిట్టెలుకల్లోనూ తెల్ల ఎలుకల్లోనూ సులువుగా పెరగడంతో ప్రపంచంలోని మలేరియా ప్రయోగశాలలన్నిటికీ పాకింది. అయితే రక్తాన్ని ఒక ఎలుక నుంచి మరో ఎలుకకు సూదితో ఎక్కించి పెంచడం సాధ్యమైందే గానీ, దోమ ద్వారా దాని చక్రాన్ని పూర్తిచేయించడం ఏళ్ళ తరబడి ఎవరికీ పట్టుబడలేదు. ఉష్ణమండలపు క్రిమి కాబట్టి దోమలను వెచ్చగా ఉంచాలన్నది అందరి ఊహ. పరాన్నజీవి పుట్టిన చోటు కొండ వాగుల వెంట ఉండే చల్లని అడవి అన్న సంగతి గ్రహించి, 1960 దశకంలో న్యూయార్క్‌లో మీర్ యోలీ బృందం దోమలను 19 నుంచి 21 డిగ్రీల మధ్య ఉంచినప్పుడు స్పోరోజోయిట్లు సమృద్ధిగా పుట్టాయి. విశాఖ వంటి నగరంలో ఈ పని చేయదలచినవారు ఏ ఋతువులోనైనా దోమల గదిని బయటి కంటే చల్లబరచి ఉంచవలసిందే. కరెంటు పోయిన ఒక్క రాత్రితో పొదుగు కాలం మొత్తం వృథా అయ్యే ప్రమాదం ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నగరాన్ని తాకాక కరెంటు రోజుల తరబడి లేని అనుభవం ఉన్న ఊరిలో జనరేటర్ సంగతి ప్రయోగ పద్ధతిలో భాగంగానే లెక్కించాలి.

సగటు ఉష్ణోగ్రత ఒక్కటే చాలదని మరో పరిశోధన తేల్చింది. 2010లో పాయిమన్స్, రీడ్, థామస్‌లు ఎలుకల మలేరియా క్రిమితోనూ, మన నగరాల్లో మలేరియాను మోసే అనాఫిలిస్ స్టెఫెన్సై దోమతోనూ ప్రయోగించి, పగలూ రాత్రీ హెచ్చుతగ్గులున్నప్పుడు చల్లని సగటు దగ్గర క్రిమి ఎదుగుదల త్వరపడుతుందనీ, వేడి సగటు దగ్గర మందగిస్తుందనీ చూపారు. ప్రయోగశాలలోని స్థిరమైన 27 డిగ్రీలు, బయట 22 నుంచి 32 వరకూ ఊగే 27 డిగ్రీలూ దోమకు ఒకటి కావు. విశాఖ తీరంలో ఈ ఊగు చిన్నది, రాయలసీమ వంటి లోతట్టు ప్రాంతాల్లో పెద్దది; అందుచేత స్థిర ఉష్ణోగ్రతలో తేలిన అంకెను తీరానికి వర్తింపజేయడంలో పొరపాటు కొంత తక్కువ, లోతట్టుకు వర్తింపజేయడంలో ఎక్కువ.

ఇతర వాహకాలకూ ఇదే నియమం. ఎలుకల బద్దెపురుగు హైమెనోలెపిస్ డిమిన్యూటా డింభకాలు పిండిలో చేరే పెంకుపురుగు ట్రైబోలియంలో ఎదుగుతాయి. వెచ్చదనం పెరిగేకొద్దీ త్వరగా ఎదుగుతాయి గానీ మరీ వేడెక్కితే రూపం వికటిస్తుంది. కాటన్ ఎలుకలో పెరిగే లిటోమోసాయిడిస్ కారినై అనే ఫైలేరియా పురుగును పోషించేవారు దానిని మోసే నల్లి కోసం వెచ్చగానూ, బాగా తేమగానూ ఉండే గదిని వేరుగా కట్టుకోవలసి వచ్చేది.

తేమ, పరుపు, పంజరం

ప్రయోగశాల పంజరంలో జంతువుల కింద పరిచేదాన్ని పరుపు అంటారు. ఆంధ్రలో దీనికి ఎక్కువగా వరి ఊక వాడతారు, కొన్ని చోట్ల మొక్కజొన్న కండె పొడి గానీ రంపపు పొట్టు గానీ వాడతారు. మూత్రం, నీటి సీసా కారడం, వర్షాకాలపు గాలి కలిసి ఊకను ఎంతసేపు తడిగా ఉంచుతాయన్నది పరాన్నజీవుల భవితవ్యాన్ని నిర్ణయిస్తుంది. కోళ్ళకూ కుందేళ్ళకూ వచ్చే కాక్సిడియోసిస్ జబ్బును కలిగించే ఐమీరియా క్రిమి, మలంతో పాటు ఊసిస్టుగా బయట పడినప్పుడు ఎవరికీ సోకదు. సుమారు 28 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం, తేమ, ఆక్సిజన్ మూడూ అందితే ఒకటి రెండు రోజుల్లో లోపల స్పోరోజోయిట్లు ఏర్పడి సోకే శక్తి వస్తుంది, ఎండిపోతే చచ్చిపోతుంది. జులై నుంచి అక్టోబరు వరకూ కోస్తా ఆంధ్రలో ఈ మూడూ ఏ యంత్రం సాయమూ లేకుండా దొరుకుతాయి. కోళ్ళ ఫారాల్లో లిట్టరు ముద్దకట్టకుండా రోజూ తిరగేయాలని రైతులు పట్టుబట్టడం వెనుక ఉన్న తర్కమే ప్రయోగశాలకూ వర్తిస్తుంది. కుందేలు కాలేయానికి సోకే ఐమీరియా స్టీడే విషయంలో ఈ ఎదుగుదలకు దాదాపు మూడు రోజులు పడుతుంది కాబట్టి, దానికి ముందే మలాన్ని తీసివేసే వ్యవస్థ ఉన్న చోట మందు లేకుండానే వ్యాప్తి తెగుతుంది.

చిట్టెలుకల్లోని రెండు నులిపురుగుల తేడా ఈ లెక్కను మరింత సూటిగా చూపుతుంది. సిఫేసియా ఆబ్వెలాటా ఆడపురుగు గుడ్లను జంతువు మలద్వారం చుట్టూ అతికించి పోతుంది; అవి కొన్ని గంటల్లోనే సోకే స్థితికి వస్తాయి. ఆస్పిక్యులూరిస్ టెట్రాప్టెరా గుడ్లు మలంతో వెలువడి, గది వెచ్చదనంలో ఆరేడు రోజులకు గానీ పక్వం కావు. వారానికోసారి పంజరం మార్చే శాలలో రెండోదాన్ని కొంతవరకు అదుపు చేయవచ్చు, మొదటిదాన్ని ఎన్నటికీ చేయలేరు. గది వేడెక్కేకొద్దీ ఆస్పిక్యులూరిస్ గుడ్ల పక్వానికి పట్టే కాలం కుంచించుకుపోయి వారం గడువు ఇరుకవుతుంది. చల్లని దేశంలో రాసిన నియమావళిలోని వారం అన్న మాట ఇక్కడికి తెచ్చేటప్పుడు మళ్ళీ పరీక్షించుకోవలసింది అందుకే. ఈ గుడ్లు దుమ్ముతో కలిసి గాలిలో తేలి వెంటిలేషన్ గొట్టాల్లో చేరి వారాల తరబడి నిలుస్తాయి కాబట్టి, పంజరాల పైన వడపోత మూతలు వాడని గదుల్లో ఒక పంజరానికి పరిమితం కావలసిన సమస్య గదంతటికీ పాకుతుంది.

ప్రయోగం కోసం కావాలని పెంచే పురుగుల విషయంలో తేమే సాయం చేస్తుంది. ఎలుకల పేగు పురుగు నిప్పోస్ట్రాంజిలస్ బ్రసిలియెన్సిస్ గుడ్లను మలంతో పాటు బొగ్గు పొడిలో కలిపి, తడిగా, సుమారు 25 డిగ్రీల వెచ్చదనంలో ఉంచితే వారం లోపు సోకే డింభకాలు తయారవుతాయి. స్ట్రాంజిలాయిడిస్ రట్టై అనే మరో పురుగు ఇంకా విచిత్రమైనది: దాని డింభకాలు నేరుగా సోకే రూపం తీసుకోవాలా, లేక బయట స్వేచ్ఛగా బతికే ఆడ, మగ పురుగులుగా ఎదిగి మరో తరాన్ని కనాలా అన్నది బయటి ఉష్ణోగ్రతను బట్టీ, తల్లిపురుగు ఉన్న ఎలుక రోగనిరోధక స్థితిని బట్టీ మారుతుంది. చల్లగా ఉంటే నేరుగా సోకే దారి, వెచ్చగా ఉంటే స్వేచ్ఛా తరం దారి ఎక్కువగా కనిపిస్తాయి.

ఓడరేవు నగరం గనుక మరో మాట. గోదాముల చుట్టూ తిరిగే ఎలుకలూ, పందికొక్కులూ బద్దెపురుగులనూ, నల్లులనూ మోస్తాయి. దాణా బస్తాల్లో దూరే పెంకుపురుగులు ఆ బద్దెపురుగు డింభకాలను పంజరం దాకా చేరుస్తాయి. పర్యావరణ ప్రభావం అంటే థర్మామీటరు చూపే అంకె మాత్రమే అనుకునేవారు దాణా గది తలుపు కింది సందును మరచిపోతుంటారు.

ఆతిథేయి శరీరం: చలి, వేడి, రద్దీ

చిట్టెలుక అదనంగా శక్తి ఖర్చు పెట్టకుండా ఒంటి వేడిని నిలుపుకోగల పరిసర ఉష్ణోగ్రతను తటస్థ ఉష్ణ పరిధి అంటారు. అది సుమారు 30 డిగ్రీల దగ్గర ఉంటుంది. ప్రపంచంలోని ప్రయోగశాలలు చాలావరకు మనిషికి హాయిగా ఉండే 20 నుంచి 24 డిగ్రీల మధ్య నడుస్తాయి. అంటే మనం ప్రామాణికం అనుకునే చిట్టెలుక జీవితమంతా తేలికపాటి చలిలో, వేడి పుట్టించుకోవడానికే అధిక శక్తి వెచ్చిస్తూ బతుకుతున్నది. ఫ్యాన్లతో నడిచే విశాఖ పాత జంతుశాలలోని చిట్టెలుక, తెలియకుండానే, తన జాతికి సహజమైన వెచ్చదనానికి దగ్గరగా ఉందన్నమాట. అయితే 32 డిగ్రీలు దాటిన ఉక్కలో తేమ కూడా తోడైతే అదే జంతువు వేడి దెబ్బకు గురవుతుంది. ఈ విడ్డూరాన్ని గుర్తించకుండా రెండు నగరాల ఫలితాలను పక్కపక్కన పెట్టి, తేడా అంతా పరాన్నజీవి తెగదే అనడం తొందరపాటు.

ఈ తేడా ఎంత పెద్దదో షాగాస్ జబ్బు కలిగించే ట్రిపనోసోమా క్రూజై సోకిన చిట్టెలుకలు చెబుతాయి. 36 డిగ్రీల గదిలో ఉంచిన వాటి రక్తంలో క్రిములు తగ్గి, బతికి బట్టకట్టినవాటి సంఖ్య పెరిగింది. చర్మాన్ని పుండు చేసే లీష్మానియా క్రిములు చల్లగా ఉండే ముక్కు, చెవి, పాదం వంటి చోట్లను ఆశ్రయిస్తాయి. గినీ పందికి సోకే లీష్మానియా ఎన్రియెట్టై విషయంలో పరిసరం బాగా వెచ్చనైతే పుండ్ల తీవ్రత తగ్గుతుంది. ఒంటి లోపలి వేడి స్థిరమే అయినా చర్మపు వేడి గది గాలిని అనుసరిస్తుందని ఈ జబ్బు గుర్తుచేస్తుంది.

రద్దీ ప్రభావం మీద 1958లోనే డేవిస్, రీడ్ ఒక చక్కని ప్రయోగం చేశారు. ట్రైకినెల్లా పురుగును సోకించిన చిట్టెలుకలను ఒంటరిగా కొన్నిటినీ, గుంపుగా కొన్నిటినీ ఉంచితే, గుంపులో కొట్లాటలకు లోనైన వాటిలో పురుగులు ఎక్కువగా నిలిచాయి. ఒత్తిడి వల్ల అడ్రినల్ గ్రంథి విడుదల చేసే కార్టికోస్టెరాన్ వంటి హార్మోన్లు రోగనిరోధక శక్తిని అణచివేయడం దీనికి ఒక కారణంగా చెబుతారు. ఇక 2018లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు ప్రయోగశాల చిట్టెలుకలను ఆరుబయట కంచె వేసిన స్థలాల్లో వదిలి, ట్రైకురిస్ మ్యూరిస్ అనే కొరడా పురుగును సోకించి చూడగా, ప్రయోగశాలలో ఆ పురుగును సులువుగా తరిమేసే చిట్టెలుకల రకమే బయట కొద్ది రోజుల్లో దానికి లొంగిపోయింది. జన్యువులు మారలేదు, పురుగు మారలేదు. మట్టి, ఆహారం, సూక్ష్మజీవులు, వాతావరణం మారాయి. ఒక వంశపు జంతువును నిరోధకమైనది అని ముద్రవేయడం ఫలానా గదిలో మాత్రమే నిజమని ఈ ఒక్క ఫలితం తేల్చేసింది.

ఆహారం

ఆహార ప్రభావంలో ఆశ్చర్యం కలిగించే ఉదాహరణ పాలది. 1952లో లివర్‌పూల్‌లో మేగ్రైత్, ఆయన సహచరులు కేవలం పాలు తాగించిన ఎలుకల్లో ప్లాస్మోడియం బెర్గై ఎదగలేకపోవడం గమనించారు. మలేరియా క్రిమికి అవసరమైన పారా-అమైనో బెంజాయిక్ ఆమ్లం పాలలో తక్కువ కావడమే కారణమని తరువాత తేలింది. ఇక్కడ లోటు ఆతిథేయి కంటే పరాన్నజీవిని ఎక్కువగా దెబ్బతీసింది. మాంసకృత్తుల లోటు మాత్రం ఎదురుదారి పడుతుంది: మాంసకృత్తులు చాలని ఆహారం తిన్న ఎలుకలు నిప్పోస్ట్రాంజిలస్ పురుగులను సకాలంలో తరిమివేయలేవు.

ఆహారానికీ జబ్బుకూ ఉన్న ఈ ముడి తెలుగు నేలకు దగ్గరి విషయం. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ప్రారంభించిన పరిశోధన వివిధ ప్రాంతాల భారతీయ ఆహారాలను ఎలుకలకు తినిపించి పోల్చడంతో పేరుపొందింది. ఆ పరిశోధన నుంచి ఎదిగిన సంస్థే 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకుంది. దేశంలోని పరిశోధనాలయాలకు ప్రామాణిక వంశపు జంతువులనూ, వాటి దాణానూ సరఫరా చేసే కేంద్రం కూడా అక్కడే ఎదిగింది. దాణా ఒక చోటి నుంచి ఒకే తీరుగా రావడం పరాన్నజీవి ప్రయోగాలకు ఎంత అవసరమో పై రెండు ఉదాహరణలే చెబుతాయి.

వెలుతురు, నీరు

వెలుతురు గురించి చెప్పవలసింది కొద్దే అయినా విస్మరించదగినది కాదు. మనిషి రక్తంలో మైక్రోఫైలేరియాలనే ఫైలేరియా డింభకాలు రాత్రి వేళ వెలికి రావడం, నిద్ర వేళలు తారుమారు చేస్తే ఆ లయ కూడా తిరగబడటం ఎన్నడో తెలిసిన సంగతి. ఎలుకల మలేరియా క్రిమి ప్లాస్మోడియం చబౌడి రక్తకణాలను పగలగొట్టే వేళ ఎలుక మేత వేళను అనుసరిస్తుందని 2018 పరిశోధనలు చూపాయి. పిచ్చుకల్లో ఐసోస్పోరా అనే క్రిమి ఊసిస్టులు మధ్యాహ్నం తరువాతే ఎక్కువగా వెలువడతాయి. ఉదయం ఒకరూ సాయంత్రం ఒకరూ నమూనా తీస్తే ఒకే జంతువు రెండు రకాల జవాబులు చెబుతుందని దీని అర్థం.

చేపలనూ, నత్తలనూ పెంచే ప్రయోగశాలకు నీరే గాలి. మేఘాద్రి గెడ్డ కలిసే విశాఖ లోపలి రేవులో పరిశ్రమల వ్యర్థాలూ నగరపు మురుగూ చేరి నీటి గుణాన్ని మార్చిన తీరును గణపతి, ఎ.వి. రామన్ 1973లో నమోదు చేశారు. ఆ అధ్యయనం ప్రధానంగా అడుగున బతికే పురుగుల గురించే అయినా, ప్రయోగశాలకు నీరు ఎక్కడి నుంచి వస్తున్నదన్న ప్రశ్నను ఈ నగరంలో వాయిదా వేయలేమని స్పష్టం చేస్తుంది. లోహాలు కలిసిన నీటిలో అనేక జాతుల సెర్కేరియాల ఆయువు తగ్గుతుంది, అప్పుడు సంక్రమణ పడిపోతుంది. మరోవైపు అదే లోహం చేప నిరోధాన్ని కుంగదీస్తే సంక్రమణ పెరుగుతుంది. ఏది నెగ్గుతుందో ముందుగా చెప్పడం కష్టం. చేపల పేగులో ఉండే ముళ్ళతల పురుగులు మాత్రం సీసాన్ని ఆతిథేయి కండరంలో ఉన్నదానికి వందల, వేల రెట్లు పోగుచేసుకుంటాయని జర్మనీలో జరిగిన పరిశోధనలు చూపడంతో, పరాన్నజీవే కాలుష్యానికి కొలమానంగా మారే అవకాశం ఏర్పడింది.

నియమాలు, నమోదు

భారతదేశంలో జంతు ప్రయోగాలు 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర కమిటీ పర్యవేక్షణలో జరుగుతాయి. ఆ కమిటీ మార్గదర్శకాలు జంతుశాలలో ఉష్ణోగ్రత 18 నుంచి 29 డిగ్రీల వరకూ, సాపేక్ష ఆర్ద్రత 30 నుంచి 70 శాతం వరకూ ఉండవచ్చనీ, గంటకు 12 నుంచి 15 సార్లు గాలి మారాలనీ చెబుతాయి. జంతు సంక్షేమానికి ఈ పరిధి సమంజసమే కానీ, పరాన్నజీవి ప్రయోగానికి మరీ విశాలం. పైన చెప్పిన ఉష్ణ దినాల లెక్కను ఆ రెండు కొసలకూ వర్తింపజేస్తే, ఫాల్సిపారమ్ దోమలో ఎదగడానికి 18 డిగ్రీల దగ్గర సుమారు 55 రోజులు, 29 డిగ్రీల దగ్గర ఎనిమిదిన్నర రోజులు పడతాయి. రెండు గదులూ నియమాలకు లోబడే ఉంటాయి. 2010లో వెలువడి 2020లో సవరణ పొందిన అరైవ్ మార్గదర్శకాలు పంజరం, పరుపు, దాణా, వెలుతురు వేళలు, ఉష్ణోగ్రత వంటి వివరాలను పరిశోధన పత్రంలో రాయాలని కోరుతున్నాయి. గది ఉష్ణోగ్రతకూ, ఊక మీద గుంపుగా ముడుచుకుని పడుకున్న చిట్టెలుకల మధ్య ఉష్ణోగ్రతకూ కొన్ని డిగ్రీల తేడా ఉంటుంది కాబట్టి, గోడకు తగిలించిన కొలమానం కంటే పంజరం లోపల తీసిన కొలతే పనికివస్తుంది. తేమ విషయంలోనూ ఇలాంటి తేడా ఉంటుంది.